డబ్బు లెక్కలకూ ఒక ప్రయోగశాల



నేను భౌతికశాస్త్రం చెప్పే మనిషిని. నాకూ బి.కాం., బి.బి.ఎ. విద్యార్థుల షేర్ల పోటీలకూ సంబంధం ఏమిటని మీకు అనిపించవచ్చు. సంబంధం ఉంది. ముందుగా మీలో చాలామందికి తెలిసిన ఒక చిన్న ప్రయోగంతో మొదలుపెడతాను.

ఇంటర్‌లో లఘులోలకం ప్రయోగం చేసే ఉంటారు. ఒక దారానికి చిన్న గుండు కట్టి వేలాడదీస్తారు. 20 డోలనాలకు ఎంత సమయం పట్టిందో స్టాప్‌వాచ్‌తో చూస్తారు. దారం పొడవు, సమయం తెలిస్తే గురుత్వ త్వరణం లెక్క కట్టవచ్చు. జవాబు సుమారు 9.8 రావాలని పుస్తకంలో ముందే ఉంటుంది. అందుకని కొందరు ఏం చేస్తారంటే, ముందు 9.8 అని రాసుకుని, దానికి సరిపోయేటట్లు రీడింగులను వెనక నుంచి నింపుకుంటూ వస్తారు. అలాంటి రికార్డు చూడగానే మాకు తెలిసిపోతుంది. నిజమైన రీడింగులలో కొంచెం ఎగుడుదిగుడు ఉంటుంది. కల్పించిన రీడింగులు మరీ నున్నగా ఉంటాయి.

ప్రయోగశాలలో మార్కులు ఒక్క జవాబుకే వెయ్యం. ఎలా కొలిచారు, ఎన్నిసార్లు కొలిచారు, పొరపాటు ఎక్కడ వచ్చి ఉండవచ్చు అన్నవాటికి వేస్తాం. 9.4 వచ్చినా, అలా ఎందుకు వచ్చిందో చెప్పగలిగిన విద్యార్థికి మంచి మార్కులు పడతాయి. ఈ ఒక్క విషయాన్ని మనసులో పెట్టుకోండి. ఈ ప్రసంగం చివరిదాకా ఇది మనతో వస్తుంది.

ప్రయోగశాల లేని చదువు

సైన్సు విద్యార్థికి ల్యాబ్ ఉంది. వైద్య విద్యార్థికి ఆసుపత్రి ఉంది. వ్యవసాయ విద్యార్థికి పొలం ఉంది. వాణిజ్య విద్యార్థికి ఏముంది? బ్యాలెన్స్ షీటు అంటే ఏమిటో నిర్వచనం రాస్తాడు. నిష్పత్తుల విశ్లేషణ మీద పది మార్కుల ప్రశ్నకు జవాబు రాస్తాడు. కానీ ఒక నిజమైన కంపెనీ వార్షిక నివేదికను మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదవకుండానే డిగ్రీ పూర్తి చేసుకునేవారు మన కాలేజీల్లో చాలామంది ఉన్నారు. ఈత గురించి పుస్తకం చదివి, కాలువలో దిగకుండానే ఈత వచ్చిందనుకోవడం లాంటిదిది.

ఈ లోటు తీర్చడానికే ఆర్థిక పోటీలు వచ్చాయి. వీటిలో ముఖ్యంగా రెండు రకాలున్నాయి. మొదటి రకంలో విద్యార్థికి ఊహాత్మకంగా కొంత డబ్బు ఇస్తారు. దానితో అతను షేర్లు కొంటాడు, అమ్ముతాడు. గడువు ముగిసేసరికి ఎవరి దగ్గర ఎక్కువ విలువ ఉంటే వారు గెలిచినట్లు. అమెరికాలో 1977 నుంచి బడిపిల్లలకు ఇలాంటి స్టాక్ మార్కెట్ ఆట నడుస్తోంది. రెండవ రకంలో కొందరు విద్యార్థులు జట్టుగా ఏర్పడి ఒకే కంపెనీని లోతుగా పరిశీలిస్తారు. నివేదిక రాసి, నిపుణుల ముందు నిలబడి, వారి ప్రశ్నలకు జవాబు చెబుతారు.

రెండింటినీ పోటీ అనే అంటాం. కానీ రెండూ నేర్పే పాఠాలు వేరు. ఎంత వేరో నాకు ఒక అనుభవం వల్ల తెలిసింది.

మొదటి బహుమతి

కొన్నేళ్ళ క్రితం ఒక డిగ్రీ కాలేజీలో కామర్స్ విభాగం వారు షేర్ల పోటీ పెట్టారు. ఒక్కొక్కరికి లక్ష రూపాయల ఊహాధనం. పది పనిదినాల గడువు. బహుమతి ప్రదానం రోజున ముఖ్య అతిథి రాలేకపోయారు. వేరే పని మీద అదే కాలేజీకి వెళ్ళి, ఫిజిక్స్ ల్యాబ్‌లో కూర్చున్న నన్ను పిలుచుకు వెళ్ళారు.

మొదటి బహుమతి వచ్చిన కుర్రాడి లక్ష 1,31,000 అయింది. మొత్తం డబ్బు ఒకే షేరులో పెట్టాడట. కప్పు చేతికిస్తూ అడిగాను, "ఆ షేరే ఎందుకు కొన్నావు బాబూ?" అని. "రెండు రోజుల నుంచి పెరుగుతోంది సార్. ఇంకా పెరుగుతుందనిపించింది" అన్నాడు. "ఇంతకీ ఆ కంపెనీ ఏం తయారుచేస్తుంది?" అన్నాను. పక్కనున్న స్నేహితుడి వంక చూశాడు. హాలంతా నవ్వింది. నేనూ నవ్వాను.

సభ అయిపోయాక ముగ్గురు అమ్మాయిలు ఒక నోటు పుస్తకం తీసుకుని నా దగ్గరికి వచ్చారు. వాళ్ళ జట్టుకు పద్నాలుగో స్థానం. లక్ష 98,600 అయింది. ఆ పుస్తకంలో పది రోజులూ ఏం కొన్నారు, ఎందుకు కొన్నారు, ఏమేం కొనకూడదనుకున్నారు అన్నీ తేదీలవారీగా ఉన్నాయి. ఒకచోట "అప్పు చాలా ఎక్కువ, వడ్డీ పోగా మిగిలేది తక్కువ, కొనలేదు" అని రాసి ఉంది. దాని కింద, "కానీ ఇది 12 శాతం పెరిగింది. మన లెక్క తప్పా, లేక సమయం చాలలేదా?" అని ఉంది. ఇంత మంచి ల్యాబ్ రికార్డు నేను సైన్సు విద్యార్థుల దగ్గర కూడా అరుదుగా చూశాను. ఆ పుస్తకం చూపించమని ఆ పోటీలో ఎవరూ అడగలేదట.

రెండేళ్ళ తర్వాత ఆ మొదటి బహుమతి కుర్రాడు ఏదో సర్టిఫికెట్ మీద సంతకం కోసం నా దగ్గరికి వచ్చాడు. మాటల్లో తెలిసింది, ఫోనులో ఆప్షన్ల ట్రేడింగ్ చేసి ఎనిమిది నెలల్లో లక్షా నలభై వేలు పోగొట్టుకున్నాడని. అందులో చెల్లెలి ఫీజు కోసం ఇంట్లో దాచిన డబ్బు కూడా ఉంది. తల దించుకుని ఒకే మాట అన్నాడు: "ఆ పోటీలో గెలిచాను కదా సార్, నాకు ఈ విద్య వచ్చనుకున్నాను."

ఆ రోజు హాలులో నవ్వినందుకు నాకు అప్పుడు బాధ కలిగింది. ఆ పోటీ అతనికి పాఠం నేర్పకపోలేదు. తప్పు పాఠం నేర్పింది. కప్పు ఇచ్చి మరీ నేర్పింది. ఆ కప్పు ఇచ్చిన చేతులు నావే.

నాణెం ఎగరేసి చూడండి

ఇప్పుడు మీరు తరగతిలో చేయగల ఒక ప్రయోగం చెబుతాను. ఒక హాలులో 128 మంది విద్యార్థులను నిలబెట్టండి. తలా ఒక రూపాయి నాణెం ఇవ్వండి. అందరినీ ఎగరవేయమనండి. బొమ్మ పడినవారు నిలబడాలి, బొరుసు పడినవారు కూర్చోవాలి. మొదటి విడతలో ఇంచుమించు 64 మంది మిగులుతారు. తర్వాత 32, 16, 8, 4, 2. ఏడవ విడత అయ్యేసరికి సగటున ఒకరు మిగులుతారు. వరుసగా ఏడుసార్లు బొమ్మ వేసిన ఆ ఒక్కరికి నాణెం ఎగరవేయడంలో ఏదైనా ప్రత్యేక నైపుణ్యం ఉందంటారా? లేదు. అంతమంది ఎగరవేసినప్పుడు ఎవరో ఒకరు అలా మిగలడం సంభావ్యత ప్రకారం జరిగేదే.

పది రోజుల షేర్ల పోటీలోనూ ఇదే జరుగుతుంది. పది రోజుల్లో ఒక షేరు ధర ఎటు కదులుతుందన్నది చాలావరకు ఆ కంపెనీ బాగోగులను బట్టి ఉండదు. ఒక వార్త, ఒక పుకారు, ఎవరో పెద్ద మదుపరి అమ్మకం, ఇవే నడిపిస్తాయి. కంపెనీ అసలు సత్తా ధరలో కనపడాలంటే ఏళ్ళు పడుతుంది. గడువు ఎంత తక్కువైతే అదృష్టం పాలు అంత ఎక్కువ.

ఇంకొక చిక్కు కూడా ఉంది. పోటీలో మొదటి స్థానానికే కప్పు. చివరి స్థానానికి శిక్ష లేదు. అలాంటప్పుడు తెలివైన విద్యార్థి ఏం చేస్తాడు? డబ్బును పది షేర్లలో సర్దితే నష్టభయం తగ్గుతుంది, కానీ మొదటి స్థానం రాదు. మొత్తం ఒకే షేరులో పెడితే మొదటి స్థానమైనా వస్తుంది, చివరి స్థానమైనా వస్తుంది. పోయేది ఊహాధనమే కాబట్టి రెండోదే మేలు. అంటే ఆట నియమాలే అతన్ని దుస్సాహసం వైపు తోస్తున్నాయి.

నిజ జీవితంలో లెక్క వేరు. లక్ష రూపాయల్లో 50 శాతం పోతే యాభై వేలు మిగులుతుంది. ఆ యాభై వేలు మళ్ళీ లక్ష కావాలంటే 50 శాతం లాభం చాలదు, 100 శాతం రావాలి. పడడానికి పట్టినంత తేలిక కాదు లేవడం. ఊహాధనంతో ఆడే ఆటలో ఈ సంగతి ఒంటికి పట్టదు.

అంకెలు ఏం చెబుతున్నాయి

ఇదంతా ఒక కుర్రాడి కథేనని కొట్టిపారేయకండి. మన దేశంలో షేర్ల మార్కెట్‌ను నియంత్రించే సంస్థ సెబీ. అది 2024 సెప్టెంబరులో ఒక అధ్యయనం వెలువరించింది. ఫ్యూచర్లు, ఆప్షన్లు అంటే షేరు ధర గాని, సూచీ గాని ముందు ముందు ఎటు పోతుందన్న దానిమీద కుదుర్చుకునే ఒప్పందాలు. 2021-22 నుంచి 2023-24 వరకు మూడు ఆర్థిక సంవత్సరాల్లో వీటిలో లావాదేవీలు చేసిన వ్యక్తులు కోటి మందికి పైగా ఉన్నారు. వారిలో 93 శాతం మంది నష్టపోయారు. నష్టపోయినవారికి ఖర్చులతో కలిపి తలా సగటున సుమారు 2 లక్షల రూపాయలు పోయాయి. మొత్తం నష్టం 1.8 లక్షల కోట్లు దాటింది.

మీ వయసువారిని ఉద్దేశించి మరో అంకె చెప్పాలి. ఈ వ్యాపారంలో 30 ఏళ్ళ లోపువారి వాటా 2022-23లో 31 శాతం ఉండగా, 2023-24లో 43 శాతానికి పెరిగింది. 2025 జులైలో సెబీ ఇచ్చిన మరో విశ్లేషణ ప్రకారం 2024-25లోనూ 91 శాతం మంది నష్టపోయారు.

ఊహాధనంతో ఆడే ఆటల మీద కూడా సెబీ దృష్టి పడింది. ఎప్పటికప్పుడు మారే అసలు ధరలను ఆటలకు, వర్చువల్ ట్రేడింగ్ వేదికలకు అందించవద్దని 2024 మేలో స్టాక్ ఎక్స్ఛేంజీలను, మధ్యవర్తి సంస్థలను ఆదేశించింది. అనుమతి లేని అలాంటి వేదికలకు దూరంగా ఉండమని అదే సంవత్సరం నవంబరులో ప్రజలను హెచ్చరించింది. కాబట్టి మీ కాలేజీలో పోటీ పెట్టాలనుకునే అధ్యాపకులు ముందుగా నియమాలు చూసుకోవాలి. ఇందువల్ల మనకు వచ్చిన నష్టమేమీ లేదని, పైగా మంచి దారి దొరికిందని నా అభిప్రాయం. ఆ దారి ఏమిటో చూద్దాం.

జవాబు చెప్పవలసిన పోటీ

రెండవ రకం పోటీకి బాగా పేరున్న ఉదాహరణ సి.ఎఫ్.ఎ. ఇన్‌స్టిట్యూట్ వారి రీసెర్చ్ ఛాలెంజ్. 2000ల ఆరంభంలో న్యూయార్క్‌లోని సెక్యూరిటీ విశ్లేషకుల సంఘం దీన్ని మొదలుపెట్టింది. తర్వాత అది ప్రపంచమంతా విస్తరించింది. మన దేశంలోని కాలేజీలూ ఇందులో పాల్గొంటాయి. డిగ్రీ విద్యార్థులూ, పీజీ విద్యార్థులూ ఇద్దరూ చేరవచ్చు.

జట్టులో ముగ్గురి నుంచి ఐదుగురి దాకా ఉంటారు. స్టాక్ ఎక్స్ఛేంజీలో నమోదైన ఒక కంపెనీని వారికి అప్పగిస్తారు. ఆ కంపెనీ చేసే వ్యాపారం ఏమిటి, పోటీదారులు ఎవరు, అప్పులెన్ని, యాజమాన్యం ఎలాంటిది, ముందున్న ప్రమాదాలేమిటి, ఇవన్నీ పరిశీలిస్తారు. షేరు అసలు విలువ ఎంత ఉండవచ్చో లెక్క కడతారు. కొనవచ్చా, ఉంచుకోవచ్చా, అమ్మెయ్యాలా అని తీర్పు చెబుతూ నివేదిక రాస్తారు. ఆ తర్వాత న్యాయనిర్ణేతల ముందు పది నిమిషాలు మాట్లాడాలి. మరో పది నిమిషాలు వారి ప్రశ్నలకు జవాబు చెప్పాలి.

ఆ రెండవ పది నిమిషాలలోనే అసలు చదువు ఉందని నాకనిపిస్తుంది. "అమ్మకాలు ఏటా 15 శాతం పెరుగుతాయని రాశారు. ఎందుకు 15? 8 ఎందుకు కాదు?" అని ఒకరు అడుగుతారు. పుస్తకంలో ఉందని అంటే కుదరదు. ఏదో కంప్యూటర్ చెప్పిందంటే అసలు కుదరదు. మన అంచనా ఏ నేల మీద నిలబడి ఉందో మనమే చెప్పాలి. సైన్సులో మౌఖిక పరీక్ష అంటామే, అదే ఇది.

ఈ పోటీలో షేరు ధర రేపు పెరిగిందా తగ్గిందా అన్నది ఎవరూ చూడరు. చూసేది మీ ఆలోచన నడిచిన తీరును. అదృష్టం ఇక్కడ మార్కులు తేలేదు.

అంకెల వెనక ఏముంది?

విద్యార్థులు ఇలా ప్రశ్నించడం నేర్చుకోవడం ఎందుకంత అవసరమో తెలుగువారికి వేరే చెప్పనక్కరలేదు. హైదరాబాద్‌లో సత్యం కంప్యూటర్స్ అని పెద్ద సాఫ్ట్‌వేర్ కంపెనీ ఉండేది. సుమారు 50 వేల మంది ఉద్యోగులు పనిచేసేవారు. 2009 జనవరి 7న దాని అధ్యక్షుడు రామలింగరాజు, లెక్కలు నిజం కావని అంగీకరిస్తూ డైరెక్టర్ల బోర్డుకు లేఖ రాశారు. ఒక్కరోజులో ఆ షేరు ధర మూడొంతులకు పైగా పడిపోయింది. పదవీ విరమణ డబ్బు అందులో పెట్టుకున్నవారు ఎందరో దెబ్బతిన్నారు.

ఆ లేఖలోని అంకెలను ప్రతి కామర్స్ విద్యార్థీ ఒకసారి నోటు పుస్తకంలో రాసుకోవాలి. 2008 సెప్టెంబరుతో ముగిసిన మూడు నెలలకు కంపెనీ చూపించిన ఆదాయం 2,700 కోట్లు, నిర్వహణ లాభం 649 కోట్లు. అంటే 24 శాతం. అసలు ఆదాయం 2,112 కోట్లు, అసలు నిర్వహణ లాభం 61 కోట్లు. అంటే 3 శాతమే. బ్యాంకుల్లో 5,361 కోట్లు ఉన్నట్లు చూపగా, అందులో 5,040 కోట్లు అసలు లేనే లేవు.

ఇప్పుడు మన లోలకం ప్రయోగం గుర్తు తెచ్చుకోండి. 9.8 ముందు రాసుకుని రీడింగులు వెనక నుంచి నింపిన విద్యార్థి చేసిన పనీ, ఇదీ ఒక్కటే. కావలసిన లాభం ముందు రాసుకున్నారు. దానికి సరిపోయే అంకెలు వెనక నుంచి నింపారు. ల్యాబ్‌లో అయితే పది మార్కులు పోతాయి. ఇక్కడ వేల కుటుంబాల డబ్బు పోయింది.

కాలేజీ విద్యార్థులు చదివి ఉంటే ఆ మోసాన్ని పట్టేసేవారని నేను అనను. 24 శాతం లాభం అప్పటి పెద్ద సాఫ్ట్‌వేర్ కంపెనీలకు అసాధారణమేమీ కాదు. అందుకే అందరూ నమ్మారు. బ్యాంకు నిల్వలను నేరుగా బ్యాంకుల నుంచి ధ్రువీకరించుకోవలసిన ఆడిటర్లు ఆ పని సరిగా చేయలేదని అమెరికా నియంత్రణ సంస్థ 2011లో తేల్చింది. నిపుణులకే దొరకని చోట విద్యార్థులను తప్పుపట్టలేం.

కానీ ఒక ప్రశ్న మాత్రం ఏ విద్యార్థి అయినా అడగగలిగేదే. 2008 డిసెంబరు 16న ఆ సాఫ్ట్‌వేర్ కంపెనీ, యజమాని కుటుంబానికే చెందిన రెండు నిర్మాణ, స్థిరాస్తి కంపెనీలను సుమారు 160 కోట్ల డాలర్లకు కొంటున్నామని ప్రకటించింది. కంప్యూటర్ ప్రోగ్రాములు రాసే కంపెనీకి ఇళ్ళు, రోడ్లు ఎందుకు? అది కూడా సొంత మనుషుల దగ్గరే ఎందుకు? మదుపరులు గట్టిగా అడిగేసరికి గంటల్లోనే ఆ నిర్ణయాన్ని వెనక్కి తీసుకుంది. లేని ఆస్తుల స్థానంలో ఉన్న ఆస్తులు నింపడానికి అదే చివరి ప్రయత్నమని తర్వాత లేఖలో రాశారు. అంటే ఒక మామూలు ప్రశ్న అంత పెద్ద గుట్టును బయటికి లాగింది. పోటీలు మీకు నేర్పవలసింది ఇలాంటి ప్రశ్నలు అడిగే అలవాటు.

మీ కాలేజీలోనే ఎలా?

పెద్ద పోటీలకు వెళ్ళే అవకాశం అందరికీ రాదు. చిన్న ఊరి కాలేజీలో కూడా పైసా ఖర్చు లేకుండా ఇలాంటిది పెట్టుకోవచ్చు. కంపెనీల వార్షిక నివేదికలు స్టాక్ ఎక్స్ఛేంజీల వెబ్‌సైట్లలో ఉచితంగా దొరుకుతాయి. నేను సూచించే పద్ధతి ఇది.

మొదటిది, మీ కంటికి కనిపించే వ్యాపారాన్ని ఎంచుకోండి. భీమవరం చుట్టుపక్కల విద్యార్థులకు రొయ్యల మేత తయారుచేసే కంపెనీ మంచి పాఠం. చెరువు గట్టు మీదికి వెళ్ళి రైతును అడగండి. మేత బస్తా ధర ఎంత? కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతున్నాయి, అంటే కౌంట్ ఎంత? ఆ కౌంట్‌కు ఇప్పుడు రేటు ఎంత పలుకుతోంది? రేటు పడిపోతే వచ్చే పంటకు ఎన్ని ఎకరాలు ఖాళీగా వదిలేస్తారు? చెరువులు ఖాళీ అయితే మేత అమ్మకాలు తగ్గుతాయి. మేతలో పడే సోయా, చేపపొడి ధరలు పెరిగితే లాభం తగ్గుతుంది. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకుల మీద సుంకాన్ని 50 శాతానికి పెంచినప్పుడు దెబ్బ తగిలిన వాటిలో రొయ్యలు ఒకటి. ఎక్కడో వాషింగ్టన్‌లో తీసుకున్న నిర్ణయం గట్టు మీది రైతు దాకా, మేత కంపెనీ షేరు దాకా ఎలా వస్తుందో ఒక్క రోజులో అర్థమవుతుంది. ఏ పాఠ్యపుస్తకమూ ఇంత బాగా చెప్పలేదు. వరంగల్ విద్యార్థులు పత్తిని, సూరత్‌లోనో భివండీలోనో చదివే మన పిల్లలు బట్టల మిల్లులను ఇలాగే పరిశీలించవచ్చు.

రెండవది, తీర్పును కారణాలతో సహా ముందే రాసి, తేదీ వేసి, అధ్యాపకుల చేతికివ్వండి. దానితోపాటు ఇంకొక వాక్యం రాయండి: "ఫలానాది జరిగితే మా అంచనా తప్పినట్లే." సైన్సులో ఏ సిద్ధాంతానికైనా మేము పెట్టే షరతు ఇది. ఎప్పుడు తప్పవుతుందో చెప్పలేని అంచనాకు విలువ లేదు.

మూడవది, పేరు దాచిన కంపెనీ. పదిహేను, ఇరవై ఏళ్ళ కిందటి రెండు కంపెనీల లెక్కలు తీసుకుని, పేర్లు చెరిపి, విద్యార్థుల ముందు పెట్టండి. ఒకటి తర్వాత బాగా ఎదిగినది, ఒకటి కూలిపోయినది. ఏది ఏదో చెప్పమనండి. లాభం చూపుతున్నా చేతికి నగదు వస్తోందా, అమ్మిన సరుకుకు డబ్బు వసూలవుతోందా, అప్పు పెరుగుతోందా అన్నవి చూడక తప్పదు. పేరు తెలియదు కాబట్టి పుకార్లు పనిచేయవు. పాత లెక్కలు కాబట్టి జూదానికి తావు లేదు.

నాలుగవది, మార్కులు. వందకు వంద ఇలా పంచమంటాను: వ్యాపారాన్ని అర్థం చేసుకున్న తీరుకు 30, లెక్కల నిజాయితీకి 30, ప్రశ్నలకు జవాబులకు 20, రోజువారీ నోటు పుస్తకానికి 10, చివరికి అంచనా నిజమైనందుకు 10. ఫలితానికి పది చాలు. న్యాయనిర్ణేతలుగా మీ ఊరి బ్యాంకు అధికారిని, ఒక చార్టర్డ్ అకౌంటెంట్‌ను పిలవండి. ఇరవై ఏళ్ళుగా కొట్టు నడుపుతున్న ఒక కిరాణా వ్యాపారిని కూడా పిలవండి. అరువు వసూలు కాకపోతే ఏమవుతుందో ఆయన అడిగినట్లు మరెవరూ అడగలేరు.

ఐదవది, చివరి రోజు బహుమతుల కన్నా ముందు ప్రతి జట్టూ లేచి, తాము ఎక్కడ పొరబడ్డారో చెప్పాలి. మొదటి బహుమతి వచ్చిన జట్టు కూడా చెప్పాలి. అప్పుడు గెలిచినవారికి గర్వం తగ్గుతుంది, ఓడినవారికి దారి తెలుస్తుంది.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. మీరు రాసిన నివేదిక చదువు కోసమే. "ఈ షేరు కొనండి" అంటూ దాన్ని వాట్సాప్‌లో పదిమందికి పంపకండి. ప్రజలకు అలాంటి సిఫారసులు చేసేవారు సెబీ దగ్గర నమోదు చేసుకోవాలని 2014 నాటి నిబంధనలు చెబుతున్నాయి. కంపెనీలో పనిచేసే బంధువు చెవిలో చెప్పిన రహస్యాన్ని నివేదికలో రాయడం కూడా తప్పే. అందరికీ అందుబాటులో ఉన్న సమాచారంతోనే ఆలోచించాలి.

చివరిగా

విద్యార్థులారా, మీలో చాలామంది ఏ కంపెనీకీ విశ్లేషకులు కాకపోవచ్చు. కానీ ప్రతి ఒక్కరూ ఎప్పుడో ఒకప్పుడు కష్టార్జితాన్ని ఎక్కడో పెట్టవలసినవారే. ఎవరో ఒకరు వచ్చి, నెలకు ఇంత వస్తుందని నున్నటి అంకెలు చూపిస్తారు. ఆ రోజు మీకు పనికొచ్చేది పోటీలో వచ్చిన కప్పు కాదు. "ఈ అంకె ఎక్కడి నుంచి వచ్చింది? ఎలా కొలిచారు? తప్పయితే ఎలా తెలుస్తుంది?" అని అడిగే అలవాటు పనికొస్తుంది.

పద్నాలుగో స్థానం వచ్చిన ఆ ముగ్గురు అమ్మాయిల నోటు పుస్తకాన్ని ఆ రోజు వేదిక మీదికి తీసుకువెళ్ళి అందరికీ చూపించి ఉంటే బాగుండేదని నేను చాలాసార్లు అనుకున్నాను. ఆ కుర్రాడు కూడా దాన్ని చూసి ఉండేవాడు.

ఈ ఆదివారం ఒక పని చేయండి. మీ ఇంట్లో రోజూ వాడే ఒక వస్తువు తయారుచేసే కంపెనీ వార్షిక నివేదిక సంపాదించండి. ఒక్క నగదు ప్రవాహ పట్టికనే చదవండి. అందులో మీకు అర్థం కాని మూడు విషయాలు రాసుకుని, సోమవారం మీ అధ్యాపకులను అడగండి. ఆ మూడు ప్రశ్నలతో మీ ప్రయోగశాల తెరుచుకున్నట్లే.